కరిగిపోయినవి, మూటల్లో మిగిలినవి: తక్కువ ఖర్చులో పాత వెండి డాలర్లు

ఇంటికి వచ్చిన స్నేహితుల చేతిలో 1881 నాటి వెండి డాలరు పెడితే దాదాపు అందరూ ఒకే వరసలో మూడు ప్రశ్నలు అడుగుతారు. నిజంగా అంత పాతదా? మరి నిన్ననే చేసినట్టు ఇంత మెరుస్తోందేంటి? ఎంత పెట్టి కొన్నావు? కుటుంబమంతా ఒక పూట బయట తిన్నంత ఖర్చు అని చెప్పగానే వాళ్ళ మొహంలో అనుమానం కనిపిస్తుంది. నకిలీ అంటగట్టారేమో అని.

ఆ అనుమానంలో తప్పేమీ లేదు. పాతదంటే ఖరీదైనదే అయుండాలని మనందరి లెక్క. కానీ నా దగ్గరున్న ఆ నాణెం ఏ శాన్‌ఫ్రాన్సిస్కో టంకశాలలో అచ్చయిందో, అదే టంకశాలలో పన్నెండేళ్ళ తర్వాత 1893లో అచ్చయిన డాలరు, బొమ్మ సగం అరిగిపోయినా సరే, వేల డాలర్లు పలుకుతుంది. బొమ్మ ఒకటే, బరువు ఒకటే, వెండి ఒకటే. ఈ తేడా ఎక్కడ నుంచి వచ్చిందో తెలియకుండా కొనడం మొదలుపెడితే నెలకి వంద డాలర్లు పక్కన పెట్టుకునే నాలాంటివాళ్ళ డబ్బు ఊరికే పోతుంది. తెలిస్తే మాత్రం అదే వందతో చాలా మంచి సేకరణ తయారవుతుంది. కాబట్టి కొనడం గురించి తర్వాత చెబుతాను, ముందు ఈ నాణేలకు ఏమైందో చూద్దాం.

అమెరికా పాత వెండి డాలర్లు అనగానే సేకర్తలు ముఖ్యంగా చెప్పుకునేవి రెండు. ఒకటి మోర్గన్ డాలరు. ఇంగ్లండ్‌లో పుట్టి ఫిలడెల్ఫియా టంకశాలలో చేరిన జార్జ్ మోర్గన్ గీసిన బొమ్మ: ముందు స్త్రీ ముఖం, వెనక గద్ద. 1878 నుంచి 1904 దాకా, మళ్ళీ 1921లో ఒక్క ఏడాది అచ్చువేశారు. రెండోది పీస్ డాలరు. మొదటి ప్రపంచ యుద్ధం ముగిసిన జ్ఞాపకంగా ఆంథొనీ డి ఫ్రాన్సిస్కీ తన భార్య ముఖాన్ని చూసి రూపొందించినది. 1921 నుంచి 1928 వరకు, ఆపైన 1934, 1935లలో వచ్చింది. రెండూ 26.73 గ్రాముల బరువు, 90 శాతం వెండి, 10 శాతం రాగి. అంటే ఒక్కో నాణెంలో అచ్చంగా 24 గ్రాముల పైచిలుకు వెండి.

మోర్గన్ డాలర్లు జనం అడిగితే పుట్టినవి కావు. నెవాడాలో కామ్‌స్టాక్ గనులు బయటపడ్డాక వెండి విపరీతంగా వచ్చింది, ధర పడిపోయింది. గనుల వాళ్ళూ, అప్పుల్లో ఉన్న రైతులూ కలిసి ఒత్తిడి తెచ్చారు. 1878లో అధ్యక్షుడు హేస్ వీటో చేసినా లెక్కచెయ్యకుండా కాంగ్రెస్ బ్లాండ్-ఆలిసన్ చట్టం తెచ్చింది. ఖజానా ప్రతి నెలా కనీసం 20 లక్షల డాలర్ల వెండి కొనాలి, నాణేలు కొట్టాలి. కొట్టారు. కానీ ఇంత బరువైన నాణేన్ని తూర్పు రాష్ట్రాల్లో ఎవరూ జేబులో వేసుకుని తిరగడానికి ఇష్టపడలేదు. దానికి బదులు వెండి సర్టిఫికెట్లు అనే నోట్లు చేతులు మారాయి. నాణేలు మాత్రం వెయ్యేసి చొప్పున గుడ్డ సంచుల్లోకెక్కి నేలమాళిగల్లో కూర్చున్నాయి. ఒక్కో సంచి 27 కిలోల బరువు, సుమారుగా మన బియ్యం బస్తా అంత. నా 1881 డాలరు కొత్తగా ఉండడానికి కారణం ఇదే. దాన్ని ఎవరూ వాడలేదు. దాని బుగ్గ మీద రెండు చిన్న గాట్లున్నాయి. అవి సంచిలో పక్క నాణేలు తగిలి పడ్డవి.

ఇక్కడి నుంచి కథ మన దాకా వస్తుంది. ఈ భాగం తెలిసిన రోజు నేను రాత్రి చాలాసేపు నిద్రపోలేదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ మన దేశం నుంచి సైనికుల్నీ, సరుకుల్నీ విపరీతంగా తీసుకుంది. వాటికి చెల్లింపులు రూపాయల్లో జరగాలి. రూపాయంటే అప్పట్లో వెండి. నోటు తీసుకెళ్ళి ఇస్తే సర్కారు వెండి రూపాయి ఇవ్వాలి. వెండి సరిపోక 1917 నవంబరులో ఒక రూపాయి నోటు, 1918 జనవరిలో రెండున్నర రూపాయల నోటు కూడా అచ్చువేశారు. బ్రిటిష్ వాళ్ళ దగ్గర వెండి అయిపోతోందని వదంతులు లేచాయి. 1918 మొదటి నెలల్లో బొంబాయి కరెన్సీ ఆఫీసు ముందు నోట్లు పట్టుకుని జనం బారులు తీరారు. అక్కడ కిటికీ మూసుకుంటే పరిస్థితి చెయ్యి దాటిపోతుందని లండన్‌కి టెన్షన్ పట్టుకుంది. వాళ్ళు అమెరికాని అడిగారు. అమెరికా దగ్గర మూటల్లో కోట్ల కొద్దీ డాలర్లు ఊరికే పడున్నాయి.

1918 ఏప్రిల్‌లో పిట్‌మన్ చట్టం వచ్చింది. నెవాడా సెనేటర్ కీ పిట్‌మన్ పేరు మీద. దాని కింద 27,02,32,722 వెండి డాలర్లు కరిగించారు. అందులో 25,91,21,554 డాలర్ల వెండి బ్రిటన్‌కి అమ్మారు, మన రూపాయల కోసం. దాదాపు 20 కోట్ల ఔన్సులు. ఆ వెండి సముద్రం దాటి వచ్చి అయిదో జార్జి బొమ్మతో రూపాయలుగా మారింది. ఒక డాలరు వెండికి రెండుంపావు రూపాయలు. ఆంధ్రా ప్రాంతంలో ఏ ఇంట్లోనైనా అమ్మమ్మ పెట్టెలో 1918, 1919 నాటి రాజు బొమ్మ వెండి రూపాయి ఉంటే, అందులో మోర్గన్ డాలరు వెండి కలిసి ఉండే అవకాశం బాగా ఉంది. తెలంగాణలో చార్మినార్ బొమ్మతో ఉన్న నిజాం రూపాయి సంగతి వేరు, అది హైదరాబాద్ టంకశాల సొంత నాణెం.

సేకరణకి దీంతో సంబంధం ఏంటంటే, ఏ సంవత్సరం నాణేలు ఎన్ని కరిగించారో ఎవరూ లెక్క రాసిపెట్టలేదు. కాబట్టి టంకశాల రికార్డులో కోటి కొట్టినట్టున్నా, అందులో ఎన్ని కొలిమిలోకి పోయాయో ఎవరికీ తెలియదు. 1895లో ఫిలడెల్ఫియాలో మామూలు డాలర్లు 12,000 కొట్టినట్టు రికార్డుంది. ఒక్కటి కూడా బయటపడలేదు. సేకర్తల కోసం ప్రత్యేకంగా చేసిన 880 నాణేలే ఆ ఏడాదికి మిగిలినవి.

దీనికి పూర్తి వ్యతిరేకంగా జరిగింది 1903-ఓ విషయంలో. ఓ అంటే న్యూ ఆర్లియన్స్ టంకశాల గుర్తు. నలభై లక్షలకు పైగా కొట్టినా ఎక్కడా కనిపించకపోవడంతో అన్నీ కరిగిపోయాయనుకున్నారు. 1962 నాటికి దాని ధర 1,500 డాలర్లు. ఆ ఏడాది చివర్లో ఖజానా వాళ్ళు పాత మూటలు బయటికి తీస్తే వాటిలో 1903-ఓ నాణేలు సంచుల కొద్దీ దొరికాయి. వారాల్లో ధర పదుల్లోకి పడిపోయింది. అప్పుల మీద కొనిపెట్టుకున్నవాళ్ళు ఎంత బాధపడి ఉంటారో ఊహించుకోవచ్చు. ఆ తర్వాత జనం ఎగబడి వెండి సర్టిఫికెట్లు ఇచ్చి డాలర్లు పట్టుకెళ్ళారు. 1964 మార్చిలో ఖజానా ఆపేసేనాటికి మిగిలినవి సుమారు 30 లక్షలు. వాటిలో ఎక్కువ భాగం నెవాడాలోని కార్సన్ సిటీ టంకశాలవి. 1970లలో ప్రభుత్వమే వాటిని నల్లటి ప్లాస్టిక్ పెట్టెల్లో పెట్టి టపాలో అమ్మింది. 1884లో కార్సన్ సిటీ కొట్టినవి 11,36,000 అయితే, ఈ అమ్మకాల్లో బయటికొచ్చినవే 9,62,638. అందుకే సీసీ గుర్తున్న నాణేల్లో 1882, 1883, 1884 నాటివి కొత్తగా ఉన్నవే ఎక్కువ.

ఇప్పుడు ధర సంగతికి వద్దాం.

ముందు వెండి విలువ. ఔన్సు వెండి ఆ రోజు ఎంతుందో చూసి దాన్ని 0.77తో గుణించండి. ఔన్సు 40 డాలర్లుంటే నాణెంలో వెండి విలువ 31 డాలర్ల దగ్గర. ఇది నేల. ఎంత అరిగిన నాణెమైనా దీనికి బాగా కిందికి దిగదు. మామూలు సంవత్సరాల అరిగిన నాణెం కొంటే మీరు కట్టేదాంట్లో పెద్ద భాగం వెండికే. వెండి పెరిగినప్పుడు ఆ నాణేలన్నీ ఒకేసారి పెరుగుతాయి, తగ్గినప్పుడు తగ్గుతాయి. దాన్ని చూసి హడావిడి పడకూడదు. ఆ నేల విలువకి పైన ఎంత కడుతున్నానన్నదే నేను చూసుకుంటాను.

ఆపైన కట్టేది, ఆ సంవత్సరం, ఆ టంకశాల నాణేలు ఆ స్థితిలో ఎన్ని మిగిలాయన్నదానికి. ఇందులో చివరి మాట చాలామంది పట్టించుకోరు. 1884-ఎస్ తీసుకోండి. శాన్‌ఫ్రాన్సిస్కోలో 32 లక్షలు కొట్టారు. పశ్చిమాన జనం వెండి డాలర్లు నిజంగానే వాడారు కాబట్టి ఈ ఏడాదివి మూటల్లో మిగల్లేదు, చేతుల్లో అరిగాయి. అరిగిన 1884-ఎస్ మామూలు నాణెం ధరకి దగ్గర్లోనే దొరుకుతుంది. వాడని స్థితిలో ఉన్నదైతే వేల డాలర్లు. 1881-ఎస్ కోటీ ఇరవై ఏడు లక్షలు కొట్టారు, మూటలకి మూటలు అలాగే మిగిలాయి. అందుకే కొత్తగా ఉన్నది కూడా చవక. కాబట్టి నా పద్ధతి ఇది: మూటల్లో మిగిలిన సంవత్సరాలవి కొత్తగా ఉన్నవి కొంటాను, చేతుల్లో అరిగిన సంవత్సరాలవి అరిగినవే కొంటాను. మెరిసేవే కావాలని పట్టుపట్టడం వల్లే సేకరణ ఖరీదైపోతుంది. చక్కగా, సమానంగా అరిగిన నాణెంలో ఒక అందం ఉంది. దాన్ని ఎన్ని చేతులు తాకాయో అది చూపిస్తుంది.

స్థితిని 1 నుంచి 70 దాకా అంకెలతో కొలుస్తారు. 60, ఆపైన ఉన్నవి అసలు వాడనివి, వాటిని మింట్ స్టేట్ అంటారు. ఆ కింద అబౌట్ అన్‌సర్క్యులేటెడ్, ఎక్స్‌ట్రా ఫైన్, వెరీ ఫైన్, అలా దిగుతూ వస్తాయి. తక్కువ బడ్జెట్‌కి వెరీ ఫైన్, ఎక్స్‌ట్రా ఫైన్ చాలా మంచి చోటు. చెవి పైన జుట్టు పాయలు, వెనక గద్ద రొమ్ము మీద ఈకలు చూస్తే అరుగుదల తెలిసిపోతుంది. ఒక్క జాగ్రత్త: న్యూ ఆర్లియన్స్ నాణేల్లో చాలావాటికి అచ్చే సరిగ్గా పడలేదు. కొత్త నాణెంలో కూడా చెవి పైన చదునుగా ఉంటుంది. అక్కడ మెరుపు ఉంటే అది అరుగుదల కాదు.

మెరుపంటే ఏంటో మాటల్లో చెప్పడం కష్టం, నేను దాన్ని దెబ్బతిని నేర్చుకున్నాను. నేను కొన్న మొదటి డాలరు ఒక పాతసామాన్ల కొట్లో దొరికిన 1889 మోర్గన్. తెల్లగా, వరలక్ష్మీ వ్రతానికి తోమిన వెండి చెంబులా ఉంది. సంబరంగా అడిగినంత ఇచ్చేశాను. నెల తర్వాత ఒక కాయిన్ షోలో పెద్దాయన ఒకరు దాన్ని టేబుల్ లైటు కింద అంచులు పట్టుకుని నెమ్మదిగా తిప్పి, ఏమీ మాట్లాడకుండా తన పెట్టెలోంచి ఇంకో నాణెం తీసి పక్కనే తిప్పి చూపించారు. ఆయన నాణెం మీద వెలుగు బండి చక్రం ఆకుల్లా గిర్రున తిరిగింది. నా నాణెం మీద వెలుగు ఎక్కడ పడితే అక్కడే చచ్చినట్టు నిలబడింది. భూతద్దంలో చూస్తే బుగ్గ మీద ఒకే దిశలో సన్నటి గీతలు, వందల కొద్దీ. ఎవరో ఎప్పుడో పౌడరుతో రుద్దారు. అచ్చు పడేటప్పుడు లోహం బయటికి పాకుతూ ఏర్పడిన అతి సన్నటి రేఖల మీద వెలుగు పడి అలా తిరుగుతుంది. ఒక్కసారి రుద్దితే ఆ రేఖలు పోతాయి, మళ్ళీ రావు.

మన ఇళ్ళల్లో ఇది మరీ ముఖ్యం. పండగ వస్తోందంటే వెండి సామాను చింతపండుతోనో, విభూతితోనో, టూత్‌పేస్టుతోనో తోమడం మనకి చిన్నప్పటి నుంచి అలవాటు. నల్లబడిన వెండి కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. నాణేల దగ్గర మాత్రం ఆ చెయ్యి కట్టేసుకోవాలి. నలుపు, గోధుమరంగు, కొన్నిటి మీద నీలం, ఊదా ఛాయలు వెండి సహజంగా తెచ్చుకున్న రంగులు. వాటికి విలువ ఉంది. తోమిన నాణెం కొనాల్సివస్తే వెండి ధరకే కొనండి, ఒక్క డాలరు కూడా పైన ఇవ్వద్దు.

ఇక ఏం సేకరించాలి? అన్ని సంవత్సరాలు, అన్ని టంకశాలల మోర్గన్‌లు అంటే తొంభై ఐదు దాటుతాయి. అందులో 1893-ఎస్ ఉంది, లక్షే కొట్టారు. ఆ దారి మనకి వద్దు.

నాకు బాగా నచ్చిన దారి పీస్ డాలర్లు, ఏడాదికొకటి. 1921 నుంచి 1928, 1934, 1935. పదే నాణేలు. చిన్నదే అయినా పూర్తయిన సేకరణ అనిపిస్తుంది. టంకశాల మీరు ఎంచుకోవచ్చు కాబట్టి ఖరీదైనదాన్ని తప్పించుకోవచ్చు. 1928లో ఫిలడెల్ఫియా 3,60,649 మాత్రమే కొట్టింది, దానికి ధర ఎక్కువ. అదే ఏడాది శాన్‌ఫ్రాన్సిస్కో 16 లక్షలు కొట్టింది. ఎస్ గుర్తున్నది కొనండి. 1922 ఫిలడెల్ఫియాది అయిదు కోట్లకు పైగా ఉంది, దాంతో మొదలుపెట్టండి.

అంతకన్నా చిన్నది కావాలంటే మోర్గన్‌లో అయిదు టంకశాలలకీ ఒక్కోటి: గుర్తు లేని ఫిలడెల్ఫియా, ఎస్, ఓ, సీసీ, డి. డెన్వర్ డి గుర్తు మోర్గన్ మీద 1921లోనే ఉంది, అది చవక. అయిదింటిలో ఖరీదు సీసీదే. ఆ ఒక్కదానికి రెండు మూడు నెలలు ఆగి, స్లాబ్‌లో ఉన్నది కొనడం మంచిది. పీసీజీఎస్, ఎన్‌జీసీ లాంటి గ్రేడింగ్ సంస్థలు పరీక్షించి గట్టి ప్లాస్టిక్ పెట్టెలో సీలు వేసినదాన్ని స్లాబ్ అంటారు. పైనున్న నంబరు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో కొట్టి ఫొటోతో పోల్చుకోండి, ఎందుకంటే ఇప్పుడు స్లాబ్‌లకి కూడా నకిలీలొస్తున్నాయి. మామూలు నాణెం కొని మీరే గ్రేడింగ్‌కి పంపితే ఫీజు నాణెం విలువలో పెద్ద వంతు అయిపోతుంది, అది దండగ.

మోర్గన్ ఏడాదికొకటి, మొత్తం 28, కొన్నేళ్ళ పని. అందులో 1893, 1894, 1895 ఇబ్బంది పెడతాయి. 1894కి న్యూ ఆర్లియన్స్ నాణెం కొంటే ఆ ఏడాది గట్టెక్కుతుంది. 1895కి మాత్రం ఓ గుర్తున్న బాగా అరిగిన నాణెం కోసమైనా డబ్బు కూడబెట్టుకోవాల్సిందే. సరదాగా ఉండేది 1878. మొదట గద్ద తోకకి ఎనిమిది ఈకలు పెట్టి, తర్వాత ఏడుకి మార్చారు. కొట్లో నిలబడి ఈకలు లెక్కపెట్టడం మా అబ్బాయికి మహా ఇష్టం.

కొనేటప్పుడు జేబులో చిన్న తూకం, అయస్కాంతం ఉంచుకోండి. 26.73 గ్రాములకి అరుగుదల వల్ల కొంచెం తగ్గచ్చు, 24 చూపిస్తే మాత్రం వదిలెయ్యండి. వ్యాసం 38.1 మిల్లీమీటర్లు. అయస్కాంతానికి అతుక్కుంటే అది వెండి కాదు. అతుక్కోనంత మాత్రాన అసలుదని కూడా కాదు. ఆన్‌లైన్‌లో ఎవరూ విప్పి చూడని పాత రోల్ (కాగితంలో చుట్టిన నాణేల దొంతర) అంటూ, చివర సీసీ నాణెం ఒకటి కనిపించేలా పెట్టి అమ్ముతుంటారు. ఆ చివరి నాణెం అలా కనిపించడానికే పెట్టినది. 1971 నుంచి 1978 దాకా వచ్చిన ఐసన్‌హోవర్ డాలర్లని వెండి డాలర్లని చెప్పేవాళ్ళూ ఉన్నారు. చెలామణిలో తిరిగినవాటిలో వెండి లేదు. సేకర్తల కోసం విడిగా చేసిన ఎస్ గుర్తువాటిలో కొన్నిటిలోనే 40 శాతం ఉంది. నిలబడి చూడటానికి, అడిగి తెలుసుకోవడానికి కాయిన్ షోని మించింది లేదు.

తెచ్చుకున్నాక మెత్తటి పీవీసీ కవర్లలో పెట్టకండి. కొన్నేళ్ళకి పచ్చటి జిగురు పట్టి నాణేన్ని తినేస్తుంది. గట్టి మైలార్ కవర్లు, లేదా గుండ్రటి ప్లాస్టిక్ డబ్బీలు వాడండి. అంచులే పట్టుకోండి.

ఇండియాలో ఇంట్లో ఉన్న వెండి రూపాయలు అమెరికా తెచ్చుకుని డాలర్ల పక్కన పెట్టుకోవాలని కొందరు అడుగుతుంటారు. నాకూ ఆ కోరిక ఉంది. కానీ 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం పురావస్తువే, దాన్ని దేశం దాటించడం నేరం. 1918 రూపాయి ఆ గీత దాటేసింది. అందుకే మా అమ్మమ్మ రూపాయి మా అమ్మ దగ్గరే ఉంది. పట్టీలు చేయిద్దామని ఒకసారి కంసాలి దాకా వెళ్ళి వెనక్కొచ్చింది. కరిగించద్దని, తోమద్దని అమ్మకి చెప్పాను. పోయిన నెల వీడియో కాల్‌లో దాన్ని వంటింటి తూకం మీద పెట్టి చూపించింది, 11.5. కొత్తగా ఉన్నప్పుడు 11.66 ఉండాలి, పాత తులం కచ్చితంగా అంతే. వందేళ్ళలో అరిగింది ఆ కాస్తే.

నా పీస్ డాలర్లు తొమ్మిదయ్యాయి, ఇక మిగిలింది 1921. ఆ ఏడాది డిసెంబరు చివరి వారంలో హడావిడిగా పది లక్షలు కొట్టారు. బొమ్మ బాగా ఎత్తుగా ఉండటంతో నడిమధ్య జుట్టు దగ్గర అచ్చు పూర్తిగా పడలేదు, తర్వాతి ఏడాది బొమ్మ ఎత్తు తగ్గించేశారు. మిగతా తొమ్మిదిటిలో దేనికన్నా దీని ఖరీదు ఎక్కువ. వెరీ ఫైన్‌లో, తోమనిది, బూడిదరంగు పట్టింది ఒకటి కావాలి. మార్చిలో ఒకటి చూశాను, అంచు దగ్గర గాటు ఉందని వదిలేశాను. వచ్చే శనివారం మళ్ళీ షో ఉంది.